ముగ్గుతో గీసిన ఆఫీసు, బీరువా వెనక స్విచ్‌బోర్డు

మా కార్యాలయం కొత్త భవనంలోకి మారి ఐదు నెలలైంది. ఇంజినీర్లు కట్టించారు, కాంట్రాక్టరు కట్టాడు. నేను రాస్తున్నది వాళ్ల గురించి కాదు. స్లాబులు పోశాక మా విభాగాలు అడిగిన మార్పులన్నీ సమన్వయం చేయడానికి పెట్టుకున్న చిన్న డిజైన్ సంస్థ గురించి. పేరు రాయను, నాకు ఇంకా పద్నాలుగు నెలల సర్వీసుంది. సర్వే, భూ రికార్డుల విభాగం సూపరింటెండెంటుగా వాళ్లతో మాట్లాడే పని నా నెత్తిన పడింది.

మొదటి సమావేశంలో వాళ్ల ఆర్కిటెక్టు (ముప్పై ఏళ్లు కూడా ఉండవు) నక్షా పరిచి ‘చూడండి మేడం’ అంది. చూశాము. ఎవరికీ ఏమీ అర్థం కాలేదు, అందరమూ తలూపాము. ఆ ఊపుడు ఎలాంటిదో ఆ అమ్మాయికి తెలిసినట్టుంది. మరుసటి మంగళవారం మమ్మల్ని మొదటి అంతస్తు స్లాబు మీదికి రమ్మంది. వెళ్లి చూస్తే గదులన్నీ అసలు కొలతలతో ముగ్గుపిండితో గీసి ఉన్నాయి. తలుపులు వచ్చే చోట గీత ఆపారు, బల్లలు వచ్చే చోట ఖాళీ సిమెంటు సంచులు పరిచారు. మా సీనియర్ అసిస్టెంటు తన సంచి వెనక నిలబడి, అటూ ఇటూ నడవడానికి దారే లేదని కనిపెట్టాడు. మూడు నెలలుగా ఆ నక్షా అతని సొరుగులోనే ఉంది! ఆ రోజు పదకొండు మార్పులు చెప్పాము. ఇంకా ఇటుక పెట్టలేదు కాబట్టి అన్నీ ముగ్గు ఖర్చుతోనే తీరిపోయాయి. దీనికి ఐదుకు ఐదు.

ఆ తర్వాత వచ్చిన ప్రతి కోరికనూ ఒక రిజిస్టరులో రాసేవారు. ఎవరు అడిగారు, ఎంత ఖర్చు, ఎన్ని రోజుల ఆలస్యం, కింద సంతకం. సంతకం అనగానే సగం కోరికలు ఆవిరైపోయాయి.

నా కోరిక ఒకటి సంతకం దాకా వెళ్లి ఆగింది. సోమవారం ప్రజావాణిలో అర్జీలు ఇవ్వడానికి వచ్చే వాళ్లు కూర్చోవడానికి కింద చోటు చాలదని, రికార్డు గదిని పైకి పంపుదామన్నాను. గొప్ప ఆలోచనే అనుకున్నాను. ఆ అమ్మాయి మా పాత ఆఫీసుకు వచ్చి, ఒక బీరువాలో ఎర్రగుడ్డల్లో కట్టి ఉన్న పాత భూ రికార్డులు, అంటే పహాణీలు, సేత్వార్ల మూటలన్నీ దింపించి తూకం వేయించింది. త్రాసు పక్క కిరాణా దుకాణం నుంచి తెచ్చాము. మామూలు ఆఫీసు గది నేలను చదరపు మీటరుకు దాదాపు 250 కిలోల బరువు మోసేలా లెక్కగడతారు, దస్త్రాలు నిల్వచేసే గదికి 500 కావాలి. పై స్లాబు మొదటి లెక్కతోనే పోసి ఉంది. రికార్డు గది కిందే ఉండిపోయింది, కుర్చీలకు వరండాలో చోటు చూశారు.

ర్యాంపు సంగతీ చెప్పాలి. వాన నీరు పోవడానికి ఆవరణను 150 మిల్లీమీటర్లు దించడంతో గడప ఎత్తు 450 నుంచి 600 అయింది. అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవు చొప్పున, 5.4 మీటర్ల ర్యాంపు 7.2 మీటర్లకు పెరిగి ఒక అధికారి కారు నిలిపే చోటులోకి వచ్చింది. ర్యాంపును కాస్త నిటారుగా కట్టమన్నారు. ఆ అమ్మాయి ఒప్పుకోలేదు. చివరికి కారే జరిగింది.

ఇంత జాగ్రత్తగా ఉన్నవాళ్లు ఎక్కడ జారారంటే, కరెంటు దగ్గర. వాస్తు కోసం పక్క అధికారి గది తలుపు దిక్కు మారింది. దాంతో మా రికార్డు గది తలుపూ జరిగింది, బీరువాలు ఎదుటి గోడకు వెళ్లాయి. నక్షా మూలలో ఆర్ 2 (రెండో సవరణ) అని ఉండేది ఆర్ 4 అయింది. కరెంటు నక్షా మాత్రం ఆర్ 2 దగ్గరే నిలిచిపోయింది. ఎలక్ట్రీషియన్ పాత కాగితం చూసి గోడకు గాడి కొట్టాడు, పైపులు వేశాడు, పైన ప్లాస్టరింగూ అయిపోయింది. అడిగితే ‘మెయిల్ పంపాము కదా మేడం’ అన్నారు. సైటులో ఎలక్ట్రీషియన్ మెయిల్ చూడడు తల్లీ, గోడకు అతికించిన కాగితం చూస్తాడు! కొత్త నక్షా వచ్చిన రోజునే పాతది గోడ మీంచి చింపి పారేయాల్సింది వాళ్లే. జీతం తీసుకున్నది అందుకే కదా.

అలా బీరువాల వెనక పడ్డ మూడు స్విచ్‌బోర్డుల్లో రెండు మార్చారు. మూడోదాని వంతు వచ్చేసరికి, ముందుగా మంజూరు లేని అదనపు పనిని ఎం-బుక్‌లో (చేసిన పని కొలతలు రాసే పుస్తకంలో) ఎక్కించడం కుదరదన్నారు. అది అలాగే ఆగింది.

మొత్తం మీద ఐదుకు మూడున్నర. మళ్లీ వాళ్లనే పెట్టుకోమంటాను, కానీ కరెంటు నక్షా బాధ్యత కూడా ఒప్పందంలో రాయించుకోండి. నాలుగో బీరువా వెనక లైటు వేయడానికి మా అటెండరు ఇప్పటికీ గొడుగు కొన వాడుతున్నాడు. ఎండాకాలంలోనూ ఆఫీసుకు గొడుగు తెస్తున్నది అందుకే.