‘ప్రైవేట్ నెట్ ప్యాక్’ అని షాపులో అమ్మితే కొనకండి

ఒడిశాలో పర్లాకిమిడి, బరంపురం, గుణుపురం, రాయగడ వైపు ఉన్న మన తెలుగువాళ్లందరికీ ఈ హెచ్చరిక. కొన్ని మొబైల్ షాపుల్లో ‘ప్రైవేట్ నెట్’, ‘సీక్రెట్ బ్రౌజింగ్’ అని చెప్పి ఫోన్లో ఏదో ఒక యాప్ వేసి డబ్బులు గుంజుతున్నారు. మా చిన్నాన్న కొడుకు అలా 1,499 రూపాయలు పోగొట్టుకున్నాడు. ఆ తర్వాత పోయింది వేరే.

వాడు బరంపురంలో అద్దె గదిలో ఉండి బ్యాంకు పరీక్షలకు చదువుతున్నాడు. ఆ ఇంట్లో అందరికీ ఓనర్ ఇచ్చిన ఒకే వైఫై. ఒంట్లో ఏదో ఇబ్బంది ఉంటే దాని గురించి నెట్‌లో చదువుకోవాలనుకున్నాడు, ఓనర్‌కి తెలిసిపోతుందేమోనని భయపడ్డాడు. అందులో తప్పేముంది? ఒంటి సంగతి, ఇంటి సంగతి గుట్టుగా ఉంచుకోవాలని ఎవరికైనా ఉంటుంది. ఇంటిల్లిపాదికీ ఒకే ఫోన్ ఉన్న ఆడపిల్లలకైతే ఈ అవసరం ఇంకా ఎక్కువ.

షాపులో ఉన్నది తెలుగువాడే. “తమ్ముడూ, ఇది వేసుకుంటే నువ్వేం చూశావో దేవుడికి కూడా తెలీదు. ఒకసారి కడితే జీవితాంతం పనిచేస్తుంది, గవర్నమెంట్ అప్రూవ్డ్” అన్నాడట. వాట్సాప్‌లో ఒక ఏపీకే ఫైల్ (ప్లే స్టోర్‌తో పని లేకుండా నేరుగా ఫోన్లో యాప్ వేసే ఫైల్) పంపి, ఫోన్ తన చేతిలోకి తీసుకుని, తనే అన్నీ నొక్కేశాడు. బిల్లు మీద ‘సాఫ్ట్‌వేర్ సర్వీస్’ అని రాశాడు తప్ప యాప్ పేరు గానీ కంపెనీ పేరు గానీ లేవు.

తర్వాత నెట్ నత్తనడక పట్టింది. ఫోన్ తెరవకముందే స్క్రీన్ మీద ప్రకటనలు వస్తున్నాయి. బ్యాంకు యాప్ అయితే ఫోన్లో ప్రమాదకరమైన యాప్ ఉందని చెప్పి తెరుచుకోనే లేదు. నెల తిరిగేసరికి ఖాతాలోంచి 199 రూపాయలు కట్ అయ్యాయి. డబ్బు కట్టించుకునేటప్పుడే యూపీఐ ఆటోపే, అంటే నెలనెలా దానంతటదే డబ్బు కట్ అయ్యే ఏర్పాటు కూడా ఓకే చేయించాడన్నమాట. వెళ్లి అడిగితే “ఆ కంపెనీ మూతపడింది, కొత్తది వచ్చింది, 999కి వేస్తా” అన్నాడు.

ఫోన్ మా ఇంటికి తెచ్చాక సెట్టింగ్స్ చూశాం. ఆ యాప్‌కి మెసేజ్‌లు చదివే అనుమతి, యాక్సెసిబిలిటీ అనుమతి రెండూ ఇచ్చి ఉన్నాయి. యాక్సెసిబిలిటీ అంటే చూపు సరిగా లేనివాళ్లకు సాయపడే యాప్‌ల కోసం పెట్టిన సౌకర్యం. ఆ అనుమతి ఉన్న యాప్ స్క్రీన్ మీద ఉన్నదంతా చదవగలదు, మన బదులు బటన్లు కూడా నొక్కగలదు. గుట్టు కాపాడతానని వచ్చిన యాప్‌కి దానితో పనేంటి? దీనికి ఏ షాపువాడి దగ్గరా జవాబు ఉండదు. నిజమైన వీపీఎన్‌కి, అంటే మన నెట్‌ని వేరే కంపెనీ సర్వర్ మీదుగా గుట్టుగా పంపే యాప్‌కి అది అస్సలు అక్కర్లేదు.

మా వీధిలో ఒక అక్కకు ఇంకో రకంగా జరిగింది. లాప్‌టాప్‌లో టార్ అనే, నెట్ చూసేది ఎవరో దాచే బ్రౌజర్ వేసి, ‘ఫుల్ వెర్షన్’ అని 700 తీసుకున్నారు. టార్‌కి ఫుల్ వెర్షన్, హాఫ్ వెర్షన్ అంటూ లేవు. అది అందరికీ ఉచితం.

కొత్తగా నేర్చుకునేవాళ్ల కోసం అసలు విషయం చెబుతాను. ఈ అమ్మకాలు మన తెలియనితనం మీదే నడుస్తున్నాయి.

క్రోమ్‌లో ఇన్‌కాగ్నిటో తెరిస్తే మీరు చూసినవి మీ ఫోన్లో గుర్తుండవు. అంతే. వైఫై ఓనర్‌కి, నెట్ కంపెనీకి, మీరు వెళ్లిన సైట్‌కి అది అడ్డం కాదు. ఇన్‌కాగ్నిటోలోనూ తమ సమాచారం తీసుకున్నారని అమెరికాలో 2020లో గూగుల్ మీద దావా వేశారు. అలా పోగైన సమాచారాన్ని చెరిపేస్తామని 2024లో గూగుల్ ఒప్పుకుంది. అయినా ఇంట్లో ఒకే ఫోన్ ఉన్నవాళ్లకు ఇది పనికొచ్చేదే, పైగా పైసా ఖర్చు లేదు.

మా తమ్ముడి భయం సంగతికొస్తే, ఈ రోజుల్లో చాలా సైట్లు హెచ్‌టీటీపీఎస్ (మీకూ సైట్‌కీ మధ్య సమాచారాన్ని రహస్య సంకేతాల్లోకి మార్చి పంపే పద్ధతి) మీదే నడుస్తాయి కాబట్టి వైఫై ఓనర్ చూడాలనుకున్నా మామూలుగా సైట్ పేరు వరకే తెలుస్తుంది. లోపల ఏ పేజీ చదివారో, ఏం టైప్ చేశారో కనపడదు. ఇది ముందే తెలిసి ఉంటే వాడు ఆ షాపు గడప తొక్కేవాడే కాదు.

ఆ సైట్ పేరు కూడా తెలియకూడదనుకుంటే వీపీఎన్. అది వేస్తే మీరు వీపీఎన్‌కి కనెక్ట్ అయ్యారని మాత్రమే ఓనర్‌కి కనపడుతుంది. కానీ ఇప్పటిదాకా ఓనర్ చూడగలిగినదంతా ఇక వీపీఎన్ కంపెనీ చూడగలదు. పోస్ట్‌మన్ మీద అనుమానంతో ఉత్తరాల కట్టని ఇంకొకరి చేతికి ఇచ్చినట్టే ఇది. కాబట్టి ఆ ఇంకొకరు ఎవరు అన్నదే ఇక్కడ అసలు ప్రశ్న. మా తమ్ముడి ఫోన్లో ఉన్న యాప్‌ని ఎవరు తయారు చేశారో అమ్మినవాడికే తెలీదు.

పరిశోధకులు 283 ఆండ్రాయిడ్ వీపీఎన్ యాప్‌లను పరీక్షించి 2016లో ఫలితాలు బయటపెట్టారు. 38 శాతం యాప్‌లలో మాల్వేర్ (హాని చేసే సాఫ్ట్‌వేర్) ఆనవాళ్లు కనిపించాయి. 18 శాతం యాప్‌లు సమాచారాన్ని ఎన్‌క్రిప్ట్ కూడా చేయడం లేదు, అంటే రహస్య సంకేతాల్లోకి మార్చడం లేదు. ఇక హోలా అనే ఉచిత వీపీఎన్ తన వాడుకదారుల కనెక్షన్లనే వేరే పేరుతో బయటివాళ్లకు అమ్ముతోందని 2015లో బయటపడింది. ఎవరో ముక్కూమొహం తెలియనివాడు మీ కనెక్షన్ మీద తప్పు పని చేస్తే పోలీసులు ముందు మీ ఇంటికే వస్తారు కదా!

‘గవర్నమెంట్ అప్రూవ్డ్, రికార్డులేమీ ఉండవు’ అని రెండూ ఒకే నోటితో చెబుతారు. ఆ రెండూ ఒకదానికొకటి పొసగవు. వీపీఎన్ కంపెనీలు కస్టమర్ పేరు, చిరునామా, ఐపీ (నెట్‌లో కనెక్షన్‌కి ఉండే నంబరు) లాంటి వివరాలు ఐదేళ్లు దాచాలని 2022 ఏప్రిల్‌లో కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఆదేశించింది. అది ఇష్టం లేక ఎక్స్‌ప్రెస్ వీపీఎన్, నార్డ్ వీపీఎన్, సర్ఫ్‌షార్క్ లాంటి పెద్ద కంపెనీలు ఇండియాలో ఉన్న సర్వర్లు తీసేశాయి. మన దేశంలో వీపీఎన్ వాడటం మామూలుగా నేరం కాదు. కానీ ఆ ముసుగులో నేరం చేస్తే అది నేరమే.

టార్ పద్ధతి వేరు. అమెరికా నౌకాదళ పరిశోధనశాలలో 1990లలో పుట్టిన ఆలోచన ఇది. ఇప్పుడు టార్ ప్రాజెక్ట్ అనే లాభాపేక్ష లేని సంస్థ నడుపుతోంది. మీ కనెక్షన్ ఒకదాని తర్వాత ఒకటిగా మూడు కంప్యూటర్ల మీదుగా వెళ్తుంది. మొదటిదానికి మీరెవరో తెలుసు, ఎక్కడికి వెళ్తున్నారో తెలీదు. చివరిదానికి ఎక్కడికో తెలుసు, ఎవరో తెలీదు. ఒకే కంపెనీని నమ్మాల్సిన పని లేకపోవడమే ఇందులో గొప్ప. అయితే నెమ్మదిగా ఉంటుంది, బ్యాంకు పనులకు వాడొద్దు. పైగా టార్‌లోంచి మీ ఫేస్‌బుక్‌లోకి లాగిన్ అయితే మీరెవరో ఫేస్‌బుక్‌కి మీరే చెప్పినట్టు.

దాన్ని టార్ ప్రాజెక్ట్ సొంత వెబ్‌సైట్ నుంచో, ప్లే స్టోర్‌లో ఆ సంస్థ పేరు చూసుకునో మాత్రమే దించుకోండి. ఒక యూట్యూబ్ వీడియో కింద ఇచ్చిన లింకు ద్వారా నకిలీ టార్ బ్రౌజర్ పాకుతోందని సైబర్ భద్రతా కంపెనీ కాస్పర్‌స్కీ 2022లో బయటపెట్టింది. వాట్సాప్‌లో వచ్చే ఏపీకే కూడా అలాంటిదే కావచ్చు. వీపీఎన్ కావాలంటే ప్రోటాన్ వీపీఎన్‌లో ఉచిత ప్లాన్ ఉంది, అది కూడా ప్లే స్టోర్ నుంచే వేసుకోవచ్చు. షాపుకి వెళ్లాల్సిన పనే లేదు.

ఇప్పటికే కొన్నవాళ్లు ముందు యాక్సెసిబిలిటీ అనుమతి ఆపండి, తర్వాత యాప్ తీసేయండి. అది ఆన్‌లో ఉంటే కొన్ని యాప్‌లు తీసెయ్యనివ్వవు. యూపీఐ యాప్‌లో ఆటోపే లిస్టు తెరిచి తెలియనివన్నీ రద్దు చేయండి. పాస్‌వర్డులు, యూపీఐ పిన్ మార్చుకోండి. పాస్‌వర్డులు మాత్రం వేరే ఫోన్ నుంచి మార్చండి. ఖాతాలోంచి మీకు తెలియకుండా డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఆలస్యం చేసే కొద్దీ ఆ డబ్బు చేతులు మారిపోతుంది.

షాపు మీద ఫిర్యాదుకి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది. తెలుగులోనూ, ఒడియాలోనూ మాట్లాడొచ్చు. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్లండి, 5 లక్షల లోపు కొనుగోళ్లకు ఫీజు లేదు. మనలో చాలామంది సామాను కోసం పాతపట్నం, ఇచ్ఛాపురం వెళ్తుంటారు, అక్కడ కొంటే కేసు కూడా ఆంధ్రాలోనే వేయాలనుకుంటారు. అక్కర్లేదు. 2019 వినియోగదారుల చట్టం ప్రకారం మీరు ఉంటున్న జిల్లాలోనే వేయొచ్చు. బిల్లు, యూపీఐ రసీదు, వాళ్లు ఏపీకే పంపిన వాట్సాప్ చాట్ స్క్రీన్‌షాట్ దాచుకోండి. బిల్లు మీద యాప్ పేరు లేకపోయినా ఆ చాట్ సాక్ష్యంగా పనికొస్తుంది.

మా తమ్ముడు ఆటోపే రద్దు చేసుకుని, ఫోన్ ఫ్యాక్టరీ రీసెట్ చేయించి, 1915లో ఫిర్యాదు పెట్టాడు. మీ ఊళ్లో కూడా ఎవరికైనా ఇలాంటి ప్యాక్ అంటగట్టి ఉంటే ఎంత తీసుకున్నారు, ఏం అనుమతులు ఇచ్చారు అన్నవి కింద రాయండి. షాపు పేరు మాత్రం ఇక్కడ కాకుండా ఫిర్యాదులో రాయండి.