కొరాన్ అఖాతంలో జపాన్ ఓడలు: బస, పడవ, డైవింగ్

ఫిలిప్పీన్స్‌లోని కొరాన్‌కు వెళ్లేవారిలో చాలామందిని రప్పించేది అక్కడి సరస్సులు. మేము వెళ్లింది 1944 సెప్టెంబరు 24న అమెరికా నౌకాదళ విమానాలు ముంచివేసిన జపాన్ ఓడల కోసం. మనీలా రేవుపై దాడులు మొదలయ్యాక ఈ దీవుల చాటున తలదాచుకోవడానికి వచ్చిన ఓడలవి. వాటిలో ఎక్కువ భాగం సరుకు, ఇంధనం, ఆహారం మోసేవే.

మనీలా నుంచి బుసువాంగా విమానాశ్రయానికి సుమారు గంట ప్రయాణం. కొరాన్ పట్టణం ఉన్నది కొరాన్ దీవిలో కాదు, బుసువాంగా దీవిలో. పైగా పట్టణానికి ఇసుక తీరం లేదు కనుక, ప్రకటనలో 'సముద్రం ఎదురుగా' అన్న మాట నమ్మి గది తీసుకున్నవారికి కిటికీలోంచి కనిపించేది పడవల రేవే. అయినా డైవింగ్ దుకాణాలు, భోజనశాలలు నడక దూరంలో ఉండటం వల్ల పట్టణంలో దిగడమే మాకు నయమనిపించింది. ఓడలకు దగ్గరి దీవుల్లోని రిసార్టుల్లో దిగితే పడవ ప్రయాణం బాగా తగ్గుతుంది గానీ, తిండి, డైవింగ్ రెండూ వారు చెప్పిన ధరకే కొనుక్కోవాలి. శాకాహారులు మరింత జాగ్రత్తగా ఉండాలి: పినక్‌బెట్ అనే కలగూరలో వంకాయ, బెండ, కాకర, గుమ్మడి చూసి మురిసిపోతే, దానికి రుచినిచ్చేది పులియబెట్టిన రొయ్యల ముద్ద అని తర్వాత తెలుస్తుంది.

డైవింగ్ దుకాణం ఎంచుకునేటప్పుడు ధర కంటే వారు మనల్ని ఏమడుగుతున్నారో చూడాలి. ఒకచోట లాగ్‌బుక్ (చేసిన డైవ్‌లు రాసుకునే పుస్తకం) చూడకుండానే ఇరాకో అనే ఓడకు తీసుకెళ్తామన్నారు. డెక్కే సుమారు 30 మీటర్ల లోతున ఉన్న ఆ ఓడకు డైవింగ్‌లో అడ్వాన్స్‌డ్ (పై స్థాయి) సర్టిఫికెట్ లేనివారిని తీసుకెళ్లకూడదు కనుక అక్కడి నుంచి వచ్చేశాము. తర్వాత కుదుర్చుకున్నవారు మా అనుభవం, గాలి వాడకం అడిగి తెలుసుకుని, మొదట ఒకికావా మారు అనే ఓడను చూపించారు. దాదాపు 160 మీటర్ల పొడవైన ఈ చమురు ఓడ డెక్కు తక్కువ లోతులోనే ఉండి, పగడాలతో నిండి ఉంటుంది. ఓపెన్ వాటర్ అనే తొలి స్థాయి కోర్సు మాత్రమే చేసినవారికి ఇంతకంటే మంచిది లేదు.

నాకు అన్నింటికంటే నచ్చినది కొగ్యో మారు అనే ఓడ. కుడి పక్కకు ఒరిగిన ఆ ఓడ సరుకు గదిలోకి టార్చి వేస్తే, బస్తా గుడ్డ ఏనాడో చివికిపోయినా కుట్టు ముడతలతో సహా రాయిలా గట్టిపడిన సిమెంటు బస్తాలు, వాటికి కాస్త అవతల ఒక చిన్న బుల్డోజరు కనిపిస్తాయి. ఫిన్స్ (కాళ్లకు తొడిగే ఈత రెక్కలు) ఒక్కసారి గట్టిగా ఆడించినా ఒండ్రు లేచి ముందున్న మనిషి కనిపించడు. గైడు వెంట తక్కువమంది ఉండాలనేది ఇందుకే. అండమాన్‌లోని నీలి నీటిని చూసినవారికి ఇక్కడి పచ్చని, కొంత మసక నీరు నిరాశ కలిగించవచ్చు.

డైవింగ్ రాని కుటుంబ సభ్యులకు లుసోంగ్ దీవి దగ్గర మునిగిన చిన్న గన్‌బోటు (ఫిరంగి పడవ) చాలు. పైభాగం నీటి మట్టానికి దగ్గరగా ఉండటంతో స్నార్కెల్ (నీటిపై తేలుతూ ఊపిరి తీసుకునే గొట్టం) తోనే చూడవచ్చు.

వరుసగా డైవ్‌లు చేశాక విమానం ఎక్కడానికి కనీసం 18 గంటలు ఆగాలి. ఆ చివరి రోజుకు మకినిట్ ఉప్పునీటి వేడి ఊటలు సరిపోతాయి. మధ్యాహ్నపు ఎండలో ఆ నీటిలో కూర్చోవడం కష్టం కనుక సాయంత్రం వెళ్లాలి.