ఇంటి సామాన్ల చిట్టా: రిజిస్టరునూ ఫోను పట్టికనూ కొన్నేళ్లు వాడిన తర్వాత

నల్లగొండలోని మా ఇంట్లో ఉన్న ప్రతి వస్తువునూ రాసిపెట్టుకోవడానికి మొదట గట్టి అట్ట రిజిస్టరును, ఆ తర్వాత ఫోనులోని పట్టికను, ఇప్పుడు రెంటినీ కలిపి వాడుతున్నాను. దీనివల్ల సమయం మిగులుతుందని ఎవరైనా చెబితే నమ్మవద్దు; వెతుకులాట తగ్గి మిగిలే సమయం కంటే రాయడానికి పట్టే సమయమే ఎక్కువ.

పేరు, సంఖ్య, ఉండే చోటు అనే మూడు గడులతో మొదలైన ఈ పని, ‘ఎవరిచ్చారు’ అనే నాలుగో గడి చేరాకే వ్యసనంగా మారింది. పెళ్లిళ్లకూ గృహప్రవేశాలకూ పెట్టే స్టీలు గంజులు, తల్లెల మీద ఇచ్చినవారి పేరు, తేదీ చెక్కించే ఆనవాయితీ మన దగ్గర ఉంది కనుక, సజ్జ మీది సామాను దించి ఆ అక్షరాలను ఎత్తి రాసుకుంటూ పోతే, ఏ బంధువుతో ఏ ఏడాది వరకు రాకపోకలు సాగాయో కూడా తెలిసిపోతుంది. ‘చెంచాలు గూడ లెక్కబెడ్తవా బిడ్డా’ అని నవ్విన మా అమ్మే, తన పుట్టింటి ఇత్తడి గుండి వంతు వచ్చేసరికి పక్కన కూర్చుని గంటసేపు చెప్పింది.

వర్గీకరణలోనూ తీరని వినోదం ఉంది. సంప్రదాయ గద్వాల చీరకు నడుమ నూలు, అంచూ కొంగూ పట్టు. దానిని నూలు చీరల కింద రాయాలా, పట్టు చీరల కింద రాయాలా అన్నది మా ఇంట్లో ఇప్పటికీ తేలలేదు.

నిజమైన ప్రయోజనం తేదీల గడిలో ఉంది. గ్యాసు రబ్బరు పైపును ఐదేళ్లకు మార్చాలి. మరిగించినంత మాత్రాన నీటిలోని ఫ్లోరైడు పోదని ఈ జిల్లావారికి వేరే చెప్పనక్కరలేదు కనుక, నీళ్ల ఫిల్టరులో పొర మార్చిన తేదీని ఎర్ర సిరాతో రాస్తాను. సిలిండరు మీద ఎ నుంచి డి వరకు ఉండే అక్షరం, దాని పక్కనుండే ఏడాది అంకెలు మళ్లీ పరీక్షించవలసిన త్రైమాసికాన్ని సూచిస్తాయి. సిలిండరు ఎలాగూ మారిపోయేదే కాబట్టి వాటిని వచ్చినప్పుడు చూసుకుంటే చాలు, అయినా నేను రాస్తాను. 2023 ఏప్రిల్ 1 నుంచి అమ్మే హాల్‌మార్కు నగలపై తప్పనిసరైన, అక్షరాలూ అంకెలూ కలిసి ఆరుండే హెచ్‌యూఐడీని, అంటే ఒక్కో నగకు విడిగా ఉండే గుర్తింపు సంకేతాన్ని కూడా ఎక్కించాను. అయితే నగల దగ్గర మాత్రం ‘ఉండే చోటు’ గడిని ఖాళీగా వదిలాను.

ప్రకాశం బజారులో నిలబడి, కుక్కరు గ్యాస్కెట్టు మూడు లీటర్లదా ఐదు లీటర్లదా అని తేల్చుకోవడానికి ఫోను పట్టికకు సాటి లేదు. కానీ దానిని ఇంట్లో నేను తప్ప ఎవరూ తెరవరు. వంటింటి మేకుకు వేలాడే రిజిస్టరులో అందరూ రాస్తారు. ఎరువిచ్చిన నిచ్చెన, చాట వంటివి రాసే పేజీని మాత్రం చివరన పెట్టుకోవాలి, ఇరుగుపొరుగు కంటపడితే మాట వస్తుంది.

ఒంటరిగా ఉండేవారికి పట్టిక చాలు, ఉమ్మడి కుటుంబానికి రిజిస్టరే నయం. కొనేవారు ఒక్కో అర్రకు కొన్ని పేజీలు, వంటింటికి అంతకు రెట్టింపు వదలాలి.