ఎనిమిదేళ్లుగా ల్యాప్‌టాప్‌లో స్క్రీన్‌షాట్లు: ఒక ఆన్‌లైన్ సెంటర్ నుంచి సమీక్ష

అనంతపురంలో టవర్‌క్లాక్‌కు కాస్త దూరంలో 2017 నుంచి ఒక చిన్న ఆన్‌లైన్ సెంటర్ నడుపుతున్నాను. పిల్లల కాలేజీ దరఖాస్తులు, స్కాలర్‌షిప్పులు, పరీక్ష ఫీజులు, రైతులకు వన్‌బీ, అడంగల్ అనే భూమి కాగితాల నకళ్లు, కరెంటు బిల్లులు మా రోజువారీ పనులు. వీటిలో ఏ పని ముగిసినా, తెర మీద కనిపించిన చివరి పేజీని స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోకుండా వచ్చిన మనిషిని పంపను. మొదటి అయిదేళ్లు విండోస్ 10 ఉన్న ల్యాప్‌టాప్ మీద, 2022 చివరి నుంచి విండోస్ 11 ఉన్న మరొకదాని మీద ఈ పని చేస్తున్నాను. ఇన్నేళ్ల వాడకంలో ఏ పద్ధతి ఏ పనికి నిలబడిందో, ఏది అవసరానికి చెయ్యిచ్చిందో వివరంగా రాస్తున్నాను.

అందరికీ మొదట తెలిసేది ప్రింట్ స్క్రీన్ బటనే. చాలా ల్యాప్‌టాప్‌లలో అది పై వరుసలో మరో పనితో కలిసి ఉంటుంది కాబట్టి, ఎడమ మూలన ఉన్న ఎఫ్ఎన్ బటన్‌ను కూడా పట్టుకుని నొక్కవలసి వస్తుంది. విండోస్ 10లో దాన్ని నొక్కినప్పుడు చప్పుడు రాదు, తెర మీద ఏ గుర్తూ కనబడదు. బొమ్మ ఎక్కడికి పోయిందో కొత్తవారికి అర్థం కాదు. అది కాపీ చేసినవాటిని తాత్కాలికంగా ఉంచే క్లిప్‌బోర్డులో ఉంటుంది. పెయింట్‌లోనో వర్డ్‌లోనో అతికించి భద్రపరిస్తేనే ఫైలుగా మారుతుంది. ఆల్ట్ బటన్ పట్టుకుని నొక్కితే తెర మొత్తం కాకుండా మనం పనిచేస్తున్న విండో ఒక్కటే వస్తుంది. ఇంతవరకు బాగానే ఉన్నా, నేను పెద్ద దెబ్బ తిన్నది ఈ క్లిప్‌బోర్డు దగ్గరే.

2018లో ప్రవేశాల రోజుల్లో కళ్యాణదుర్గం వైపు నుంచి ఒక తండ్రి, కూతురు వచ్చారు. ఫీజు కట్టాము, ఖాతాలో సొమ్ము కోత పడింది, కానీ రసీదు రావలసిన చోట లావాదేవీ ఇంకా జరుగుతోందన్న ఒక్క వాక్యం, దాని కింద ఒక పొడవాటి సంఖ్య కనిపించాయి. ప్రింట్ స్క్రీన్ నొక్కాను. దాన్ని అతికించేలోపల ఆ అమ్మాయి పేరు మరో ఫారంలో వేయవలసి వచ్చి, కంట్రోల్ సీతో పేరు కాపీ చేశాను. అప్పట్లో క్లిప్‌బోర్డులో ఒక్క వస్తువుకే చోటు ఉండేది. పేరు వచ్చి కూర్చోగానే బొమ్మ చెరిగిపోయింది. వెనక్కి వెళ్లి చూస్తే పేజీ లాగౌట్ అయిపోయి ఉంది. "దుడ్లు పోయినాయా సామీ?" అని ఆయన అడిగినప్పుడు చెప్పడానికి నా దగ్గర ఆ సంఖ్య లేదు. సొమ్ము కొన్ని రోజుల తరువాత తిరిగి వచ్చింది, కానీ ఆ రోజు ఆయన రెండోసారి ఫీజు కట్టి, ఉన్నదంతా అక్కడే ఖర్చుపెట్టి ఊరికి వెళ్లవలసి వచ్చింది. ఆ మనిషి ముఖం నాకు ఇప్పటికీ గుర్తుంది.

అప్పటి నుంచి డబ్బుతో ముడిపడిన ప్రతి పనికీ విండోస్ బటన్, ప్రింట్ స్క్రీన్ కలిపి నొక్కడం అలవాటు చేసుకున్నాను. విండోస్ 8 కాలం నుంచి ఉన్న ఈ పద్ధతిలో తెర ఒక్క క్షణం మసకబారి తిరిగి వెలుగుతుంది. ఆ మసకే మనకు గుర్తు. బొమ్మ తనంతట తానే పిక్చర్స్ అనే ఫోల్డరు లోపల స్క్రీన్‌షాట్స్ అనే ఫోల్డరులో ఫైలుగా చేరుతుంది. ఇందులో నాకు నచ్చినది వేగం కాదు, మరచిపోవడానికి అవకాశం ఇవ్వకపోవడం. కౌంటరు ముందు నలుగురు నిలబడి ఉన్నప్పుడు, ఒకరు ఓటీపీ చెబుతూ ఉంటే మరొకరు జిరాక్సు అడుగుతూ ఉన్నప్పుడు, అతికించాలి, పేరు పెట్టాలి, భద్రపరచాలి అనే మూడు మెట్లూ గుర్తుండవు.

మరో మేలు కూడా ఉంది. తెర మొత్తం వస్తుంది కాబట్టి, కింద కుడి మూలన ఉన్న తేదీ, సమయం, పైన ఉన్న వెబ్‌సైటు చిరునామా కూడా బొమ్మలో పడతాయి. చూడటానికి అందంగా ఉండాలని పేజీ మధ్య భాగాన్ని మాత్రమే కత్తిరించి తీసేవారిని చాలామందిని చూశాను. చెల్లింపు విషయంలో అది పొరపాటని నా గట్టి అభిప్రాయం. 2019 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఆదేశం ప్రకారం, యూపీఐలో వ్యాపారికి కట్టిన సొమ్ము మన ఖాతాలో కోత పడి అవతల చేరినట్టు నిర్ధారణ కాకపోతే, లావాదేవీ జరిగిన రోజు తరువాత అయిదు రోజుల్లోపల తిరిగి జమ కావాలి. ఆ గడువు దాటితే రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలి. ఆ లెక్క మొదలయ్యేది తేదీ నుంచే. పన్నెండు అంకెల యూపీఐ రెఫరెన్సు సంఖ్య, తేదీ, సమయం ఒకే బొమ్మలో ఉంటే బ్యాంకులో మాట్లాడటం సులువవుతుంది.

మా ఊళ్లో వేసవిలో కరెంటు పోవడం మామూలే. ల్యాప్‌టాప్‌కు బ్యాటరీ ఉంటుంది కానీ రౌటరు ఆగిపోతుంది. అటువంటి సమయంలో చెల్లింపు మధ్యలో ఉంటే చాలామంది కంగారులో పేజీని రిఫ్రెష్ చేస్తారు. అలా చేయకూడదు. తెర మీద అప్పటికే కనిపిస్తున్న పేజీ ఇంటర్నెట్ లేకపోయినా అలాగే నిలిచి ఉంటుంది. ఏ బటనూ ముట్టుకోకముందే స్క్రీన్‌షాట్ తీసుకుంటే, తరువాత ఏం జరిగినా ఆ సంఖ్య మన దగ్గర ఉంటుంది. ఈ ఒక్క జాగ్రత్త మా సెంటరులో ఎన్నోసార్లు పనికి వచ్చింది.

ఇక విండోస్, షిఫ్ట్, ఎస్ అనే మూడు బటన్ల పద్ధతి. 2017లో వచ్చిన విండోస్ 10 నవీకరణ నుంచి ఇది ఉంది. నొక్కగానే తెర మసకబారి అలాగే ఆగిపోతుంది, మౌసుతో కావలసినంత మేర గీసుకోవచ్చు. ఎవరికైనా ఫోనులో చెబుతూ ఫలానా చోట నొక్కండి అని చూపించవలసి వచ్చినప్పుడు దీనికి మించినది లేదు. విండోస్ 10లో ఈ బొమ్మ కూడా క్లిప్‌బోర్డుకే వెళ్లేది కాబట్టి డబ్బు పనులకు దీన్ని నమ్మలేదు. విండోస్ 11లో ఈ మూడు బటన్లతో తెరుచుకునే స్నిప్పింగ్ టూల్‌లో, తీసిన అసలు బొమ్మను తనంతట తానే భద్రపరిచే ఏర్పాటు వచ్చింది. ఫైలు పేరులోనే తేదీ, గంట, నిమిషం, సెకను అంకెలుగా ఉంటాయి. నెల తరువాత వచ్చి ఫలానా రోజు ఉదయం కట్టినది కావాలని అడిగినవారికి, ఆ పేరు చూసే రెండు నిమిషాల్లో తీసి ఇవ్వగలుగుతున్నాను. కొత్త విండోస్ 11లో ఒంటరి ప్రింట్ స్క్రీన్ బటన్ కూడా ఈ టూల్‌నే తెరుస్తుంది. పాత తీరు కావాలనుకునేవారు సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ, అందులో కీబోర్డ్ దగ్గర దాన్ని ఆపివేయవచ్చు.

కిందికి జారే మెనూ తెరిచి ఉండగా బొమ్మ కావలసి వస్తే, స్నిప్పింగ్ టూల్‌లో 3, 5 లేదా 10 సెకన్ల ఆలస్యం పెట్టుకోవచ్చు. ఆ వ్యవధిలో మెనూ తెరిచి పట్టుకుంటే చాలు. నాకు అయిదు సెకన్లు సరిపోతాయి. క్లిప్‌బోర్డు చరిత్ర 2018 చివరిలో వచ్చింది. విండోస్, వి కలిపి నొక్కితే చివరి ఇరవై అయిదు వస్తువుల వరకు కనిపిస్తాయి. అది ముందే ఆన్ చేసి ఉండాలి, కంప్యూటరు రీస్టార్ట్ చేస్తే పిన్ చేయనివి పోతాయి. ఆ కళ్యాణదుర్గం సంగతికి కొన్ని నెలల ముందు ఇది వచ్చి ఉంటే ఎంత బాగుండేదో.

పొడవాటి పేజీల సంగతి విడిగా చెప్పాలి. ఇంజనీరింగ్ కౌన్సెలింగులో వెబ్ ఆప్షన్లు పెట్టుకున్న పిల్లలు వచ్చి, "అన్నా, నేను పెట్టిన ఆప్షన్లన్నీ ఒకే బొమ్మలో కావాల" అని అడుగుతారు. తెర మీద పట్టేది పది పన్నెండు వరుసలే. ఇటువంటి పనికి బ్రౌజరులోనే మార్గం ఉంది. ఫైర్‌ఫాక్స్‌లోనూ, ఎడ్జ్‌లోనూ కంట్రోల్, షిఫ్ట్, ఎస్ కలిపి నొక్కి, పూర్తి పేజీ అనే ఎంపిక తీసుకుంటే పైనుంచి కింది దాకా ఒకే పొడవాటి బొమ్మగా వస్తుంది. ముందుగా ఒకసారి పేజీ చివరి దాకా జరిపి రావడం మంచిది, ఎందుకంటే కొన్ని పేజీలలో కింది భాగం మనం అక్కడికి వెళ్లేదాకా లోడ్ కాదు. పేజీ లోపల మళ్లీ ఒక చిన్న పెట్టె ఉండి, ఆ పెట్టె విడిగా జరుగుతూ ఉంటే మాత్రం, పూర్తి పేజీ తీసినా ఆ పెట్టెలో అప్పటికి కనిపిస్తున్న వరుసలే వస్తాయి. ఈ తేడా తెలియక ఒక విద్యార్థికి సగం జాబితా ఇచ్చి పంపాను. అతడు మరునాడు వచ్చి చెప్పిన తరువాత, వరుస సంఖ్యలు ఒకటి నుంచి చివరి దాకా ఉన్నాయో లేదో లెక్క చూసుకోనిదే ఎవరికీ ఇవ్వడం లేదు. ప్రింటు తీసుకోవడానికి పనికివచ్చే పేజీ అయితే స్క్రీన్‌షాట్ కంటే కంట్రోల్ పీ నొక్కి పీడీఎఫ్‌గా భద్రపరచడమే మేలు. అక్షరాలు అక్షరాలుగానే ఉంటాయి, తరువాత వెతకవచ్చు.

తెలుగు పేజీలు తీసేటప్పుడు మరొక ఇబ్బంది ఉంది. నా పాత ల్యాప్‌టాప్ తెర 1366 అడ్డ, 768 నిలువు చుక్కలది. పేజీ అంతా ఒకే తెరలో పట్టించాలని బ్రౌజరును 67 శాతానికి తగ్గిస్తే ఇంగ్లీషు అక్షరాలు చదవగలిగేలా ఉండేవి కానీ, తెలుగులో ఒత్తులు కింది గీతలో కలిసిపోయేవి. పట్టాదారు పేరులో ఉన్నది ద ఒత్తో, ధ ఒత్తో తెలిసేది కాదు. భూమి కాగితాల్లో ఒక్క ఒత్తు తేడా వస్తే ఆ రైతు ఆఫీసుల చుట్టూ ఎన్నిసార్లు తిరగాలో నాకు తెలుసు. అందుకే తెలుగు పేజీని వంద శాతం దగ్గరే ఉంచి రెండు ముక్కలుగా తీస్తాను. ఫైలును పీఎన్‌జీగానే ఉంచుతాను, జేపెగ్‌గా మార్చను. జేపెగ్ పద్ధతి ఫొటోలకు తగినది, అక్షరాల అంచుల చుట్టూ అది మసకను చేరుస్తుంది. వాట్సాప్‌లో పంపేటప్పుడు కూడా ఫొటోగా కాకుండా డాక్యుమెంటుగా పంపితే స్పష్టత తగ్గదు.

ఇన్నేళ్లలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసినది వేరు. మా సెంటరుకు వచ్చేవారి ఆధార్ సంఖ్య, ఖాతా సంఖ్య, ఫోను నంబరు ఈ బొమ్మల్లో ఉంటాయి. అవి నా దగ్గర పెట్టిపోయిన సొత్తు. మొదట్లో ఎవరికైనా నమూనా చూపించవలసి వస్తే హైలైటరు పెన్నుతో ఆ అంకెల మీద గీసేవాడిని. హైలైటరు రంగు పారదర్శకమైనది, వెలుతురు పెంచి చూస్తే కింది అంకెలు తెలుస్తాయి. ఇప్పుడు అంకెల మీద నిండు నల్ల పెట్టె వేసి, దాన్ని కొత్త పేరుతో భద్రపరిచి, ఆ కొత్త ఫైలునే పంపుతున్నాను. ఇక్కడ ఒక మెలిక గమనించాలి. స్నిప్పింగ్ టూల్ తనంతట తాను భద్రపరిచేది అసలు బొమ్మను. మనం అంకెలు దాచి వేరే ఫైలు చేసినా, దాచనిది ఆ ఫోల్డరులో అలాగే ఉంటుంది.

2023 మార్చిలో ఒక లోపం బయటపడింది. విండోస్ 11లోని స్నిప్పింగ్ టూల్‌తో గానీ, విండోస్ 10లోని స్నిప్ అండ్ స్కెచ్‌తో గానీ ఒక బొమ్మను తెరిచి, కత్తిరించి, అదే ఫైలు మీద భద్రపరిస్తే, కత్తిరించిన భాగం తాలూకు సమాచారం కొంత ఫైలు చివర మిగిలిపోయేది. తెలిసినవారు దానిని తిరిగి రాబట్టగలిగేవారు. ఆ నెలలోనే దానిని సరిదిద్దారు. అయితే, అంతకుముందు కత్తిరించి దాచుకున్న ఫైళ్లకు ఆ దిద్దుబాటు వర్తించదు. ఆ వార్త తెలిసిన రోజు రాత్రి దుకాణం మూసిన తరువాత కూర్చుని, నా దగ్గర ఉన్న అటువంటి పాత ఫైళ్లన్నిటినీ తీసివేశాను.

గ్రీన్‌షాట్, షేర్‌ఎక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్లను కూడా కొన్ని నెలలు వాడి చూశాను. బాణం గుర్తులు, వరుస అంకెలు పెట్టి పాఠాలు తయారుచేసేవారికి రెండూ ఎంతో అనుకూలం. షేర్‌ఎక్స్‌లో ఏర్పాట్లు మరీ ఎక్కువ. నా పనికి అంత అవసరం లేదు. మరొక ల్యాప్‌టాప్‌కు మారినప్పుడు మళ్లీ అన్నీ పెట్టుకోవలసి వస్తుంది కాబట్టి, విండోస్‌తో వచ్చినదానికే స్థిరపడ్డాను. స్నిప్పింగ్ టూల్‌లో 2023లో తెర వీడియో తీసే వీలు, ఆ ఏడాది చివరిలో బొమ్మలోంచి అక్షరాలను కాపీ చేసుకునే వీలు కూడా వచ్చాయి. రెఫరెన్సు సంఖ్యలను బొమ్మ నుంచి నేరుగా తీసుకోవడం వల్ల అంకెలు తప్పు కొట్టడం తగ్గింది. తెలుగు పేర్లను మాత్రం నేను చూసే టైపు చేస్తాను.

ఇటువంటి సెంటరు పెట్టబోయేవారు ఎవరైనా అడిగితే, కొత్త ల్యాప్‌టాప్ తెరిచిన వెంటనే రెండు చోట్ల చూసుకోమని చెబుతాను. స్నిప్పింగ్ టూల్ సెట్టింగ్స్‌లో బొమ్మను తనంతట తాను భద్రపరిచే ఏర్పాటు ఆన్‌లో ఉండాలి. మైక్రోసాఫ్ట్ ఆన్‌లైన్ నిల్వ అయిన వన్‌డ్రైవ్ సెట్టింగ్స్‌లో స్క్రీన్‌షాట్లను క్లౌడుకు ఎక్కించే ఏర్పాటు, పిక్చర్స్ ఫోల్డరు బ్యాకప్ ఆఫ్‌లో ఉండాలి. సొంత ఫొటోలకు అది మంచి ఏర్పాటే కావచ్చు కానీ, పరాయివారి ఆధార్ కార్డులు వారికి చెప్పకుండా ఎక్కడికీ వెళ్లకూడదు. నేను ప్రతి ఆదివారం ఉదయం స్క్రీన్‌షాట్స్ ఫోల్డరు తెరిచి, పని పూర్తయినవారివి తీసివేసి, రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేస్తాను. సొమ్ము తిరిగి రావలసినవారివి, సీటు ఇంకా తేలని పిల్లలవి మాత్రం వారి ఊరి పేరుతో ఒక ఫోల్డరులో ఉంచుతాను. ఈ వారం అందులో రాప్తాడువి మూడు, తాడిపత్రిది ఒకటి మిగిలాయి.