పద్నాలుగు రూపాయల స్విచ్ ఏడేళ్లు వాడాక

2018లో తిరుపతి కొర్లగుంటలో ఇల్లు కట్టుకున్నప్పుడు, కింద మేముండే భాగానికి పేరున్న కంపెనీ స్విచ్‌లు, పైన అద్దెకిచ్చే రెండు పోర్షన్లకు చవకవి వేయించాం. పైవి ఒక్కోటి 14 రూపాయలు, కిందవి 40 దాకా పడ్డాయి. "అద్దెకిచ్చేదానికి ఇవి చాలు మేడం, గోడ మీద ఏదైనా తెల్లగానే ఉంటుంది" అన్నాడు వైరింగ్ చేసినాయన. మా ఆయన తల ఊపారు, నేనూ ఊపాను, కాబట్టి తప్పంతా ఆయన మీదికి తోయలేను. ఏడేళ్లుగా రెండు రకాలూ ఒకే ఇంట్లో ఒకే కరెంటు మీద నడుస్తున్నాయి కాబట్టి చూసింది చూసినట్టు రాస్తున్నా.

మొదటి రెండేళ్లు తేడా ఏమీ తెలియలేదు. తెలియదు కూడా, 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు లాగేది 0.04 ఆంపియర్, ఆ మాత్రం పని ఏ స్విచ్ అయినా చేస్తుంది. ఆ తర్వాత కొన్ని టక్కుమనడం మానేసి మెత్తగా దిగబడడం మొదలుపెట్టాయి, కొన్ని సగంలో ఆగి లోపల చిర్రుమనేవి. ఆ చిర్రు విన్న రోజే మార్చాలి. మేము మార్చలేదు.

2022 ధనుర్మాసంలో ఒక తెల్లవారుజామున పైనావిడ దిగొచ్చి, ఇంట్లో నీచు వాసన వస్తోందక్కా, పక్కవాళ్లు చేపలు వండుతున్నట్టున్నారు అంది. పక్క పోర్షన్ అబ్బాయేమో అయ్యప్ప మాలలో ఉన్నాడు! రెండు రోజులు చెత్తబుట్టలు, సింకు కింద, మిద్దె మీద ట్యాంకు దగ్గర అన్నీ వెతికాం. వాసన పొద్దున్నే వచ్చి తొమ్మిదికల్లా పోయేది. మూడో రోజు గీజరు స్విచ్ పక్కన టీ మరకలాంటి పసుపు కనబడింది, ప్లేటు మీద వేలు పెడితే చురుక్కుమంది. తర్వాత తెలిసిందేమిటంటే, స్విచ్‌లకు వాడే కొన్ని రకాల ప్లాస్టిక్ బాగా వేడెక్కితే సరిగ్గా చేపల వాసనే వస్తుంది.

మెయిన్ ఆపి వేరే ఎలక్ట్రీషియన్‌తో విప్పించాం. స్విచ్ మీద 16 ఆంపియర్లని అచ్చు వేసుంది. గీజరు 2000 వాట్లు, 230 వోల్టుల దగ్గర 8.7 ఆంపియర్లు, రాసినదాంట్లో సగం చిల్లర. అయినా మాడింది. కదిలే పట్టీ చివర వెండి మిశ్రమం చుక్క ఉండాల్సిన చోట నల్లబడి గుంటపడ్డ రేకు ఉంది. ఫ్రిజ్ మీదున్న స్వామివారి అయస్కాంతం తెచ్చి టెర్మినల్ దగ్గర పెడితే ఠపీమని పట్టుకుంది. "ఇత్తడి యాడుంది సామీ ఇందులో, ఇనుముకు పసుపు పూసినారు" అని నవ్వాడాయన. (స్క్రూ అంటుకుంటే మాత్రం కంగారు పడకండి, మంచి స్విచ్‌లలోనూ ఇనుప స్క్రూలు ఉంటాయి.)

మరి ఎంసీబీ (కరెంటు ఎక్కువైతే తనంతట తానే పడిపోయే మెయిన్ బోర్డు స్విచ్) ఎందుకు ట్రిప్ కాలేదన్నది మా ఆయన ప్రశ్న, చాలామందికీ ఉండే ధీమా అదే. ఎంసీబీ చూసేది కరెంటు ఎక్కువ పారుతోందా, షార్ట్ అయిందా అనే. కాంటాక్టు, అంటే స్విచ్ లోపల రేకులు తాకే చోటు, లూజైతే పారే కరెంటు పెరగదు, ఆ లూజు దగ్గర వేడి పుడుతుంది, అంతే. అక్కడ అర ఓమ్ అడ్డు వచ్చిందనుకోండి, 8.7 ఆంపియర్లకు దాదాపు 38 వాట్ల వేడి, అంటే అగ్గిపెట్టెంత డబ్బాలో సోల్డరింగ్ ఐరన్ పెట్టి మూత వేసినట్టు. ఎంసీబీకి ఆ సంగతే తెలియదు. షాక్ కొట్టకుండా పెట్టుకునే ఆర్‌సీసీబీ పట్టేది లీకేజీని, దానికీ ఇది కనబడదు.

ఇప్పుడు నేను కొనేటప్పుడు ఐఎస్ఐ గుర్తు ఒక్కటే చూసి ఊరుకోను, గుర్తు పైన ఐఎస్ 3854 (స్విచ్‌ల ప్రమాణం నంబరు) అని, కింద సీఎం/ఎల్‌తో మొదలయ్యే లైసెన్సు నంబరు ఉన్నాయా చూస్తా, ఆ నంబరును షాపులోనే నిలబడి, ఐఎస్ఐ గుర్తు ఇచ్చే సంస్థదైన బీఐఎస్ కేర్ యాప్‌లో కొడతా. ఒకసారి మన ఊళ్లోనే ఒక షాపతను "ఇంత చిన్నదానికి ఇన్ని పరీక్షలా అమ్మా" అని విసుక్కున్నాడు, పర్లేదు. సాకెట్లకైతే ఐఎస్ 1293 ఉండాలి. ఇంట్లో ఉన్నవాటికి నా పద్ధతి, గీజరో ఇస్త్రీపెట్టో అరగంట నడిచాక వేలి వెనకభాగం ప్లేటుకు ఆనించడం. గోరువెచ్చన దాటితే ఆపేయడమే.

ఇంకోటి, మంచి స్విచ్ వేసినా వైరు స్క్రూ బిగించకపోతే ఇదే కథ. పైగా మా పై వంటగదిలో స్విచ్‌ను ఫేజుకు (కరెంటు వచ్చే వైరుకు) బదులు న్యూట్రల్ (తిరిగి వెళ్లే వైరు) మీద వేసి ఉన్నారు, ఆపినా హోల్డర్‌లో టెస్టర్ వెలిగింది, అంటే కరెంటు అక్కడే ఉంది. నలభై రూపాయలది పెట్టినా నాలుగు వందలది పెట్టినా ఆ తప్పును స్విచ్ దిద్దదు.

పైన వేసిన 34లో ఇప్పటిదాకా తొమ్మిది పోయాయి, మూడు మాడినవి, మిగతావి ఇరుక్కుపోయినవి. కింద ఒక్కటి పోయింది, అదీ మా మనవడు ఆటలాడి విరగ్గొట్టింది. గీజరు, ఇస్త్రీ, మోటారు, వంటగది సాకెట్ల దగ్గర అన్నీ తీయించేశాం. వరండా బల్బుకు, మెట్ల లైటుకు మాత్రం ఆ పద్నాలుగు రూపాయలవే ఉన్నాయి, ఇంకా టక్కుమంటూనే ఉన్నాయి. చిర్రుమన్న రోజు తీసేస్తా.