40, 80 మీటర్లకు ఇంటి వైరు యాంటెన్నా: కొన్నేళ్లు వాడాక

ఇళ్లలో కరెంటు పనికి వేసే 1.5 ఎస్‌క్యూఎంఎం పీవీసీ రాగి వైరుతో హామ్ రేడియోలో 40 మీటర్ల బ్యాండుకు (7 మెగాహెర్ట్జ్ దగ్గరి ఫ్రీక్వెన్సీలు) ఇన్వర్టెడ్ వీ డైపోల్, అంటే మధ్యలో ఎత్తి రెండు చేతులూ కిందికి వాల్చిన వైరు యాంటెన్నా, కట్టుకుని కొన్నేళ్లుగా వాడుతున్నాను. విజయవాడలో మూడంతస్తుల డాబా, దాని మీద ఇనుప పైపు. పగటిపూట హైదరాబాద్, విశాఖ స్టేషన్లు హాయిగా అందుతాయి. ఈ ఎత్తులో సిగ్నల్ ఎక్కువగా నిటారుగా పైకి వెళ్లి దిగుతుంది, దగ్గరి ఊళ్లకు అదే కావాలి.

కొలత సంగతే అసలు చెప్పాలి. మొత్తం వైరు పొడవు మీటర్లలో రావాలంటే 143ను మెగాహెర్ట్జ్‌లలోని ఫ్రీక్వెన్సీతో భాగించమంటారు. 7.1కి 20.14 మీటర్లు వస్తుంది. అలాగే కట్టి నానోవీఎన్ఏ (యాంటెన్నాను కొలిచే చిన్న పరికరం) పెడితే రిజొనెన్స్, అంటే యాంటెన్నా సహజంగా పలికే ఫ్రీక్వెన్సీ, 6.85 దగ్గర కనిపించింది, అంటే బ్యాండుకు బాగా కింద. ఆ సూత్రం తొడుగు లేని తీగకు, అడ్డంగా చాచి కట్టిన డైపోల్‌కు. పీవీసీ తొడుగు, కిందికి వాలిన చేతులు, పిట్టగోడకు దగ్గరైన కొసలు అన్నీ కలిసి ఫ్రీక్వెన్సీని దించేస్తాయి. అందుకని అందాజుగా కత్తిరించుకుంటూ పోవద్దు. పొడవును దొరికిన ఫ్రీక్వెన్సీతో గుణించండి: 20.14 ఇంటూ 6.85, సుమారు 138. మీ వైరుకు, మీ డాబాకు అదే అసలు సంఖ్య. 138ని 7.1తో భాగిస్తే 19.44. ఒక్కో చేతికి 35 సెంటీమీటర్లు తీసేశాను. 7.0 నుంచి 7.2 దాకా ఎస్‌డబ్ల్యూఆర్ (యాంటెన్నా రేడియోకు ఎంత బాగా సరిపోయిందో చెప్పే నిష్పత్తి, 1కి దగ్గరైతే మంచిది) 2 దాటలేదు.

చీకటి పడ్డాక 40లో దగ్గరి స్టేషన్లు మాయమవుతాయి, అప్పుడు 80 ఉండాల్సిందే. ఆ బ్యాండులోని 3.6 మెగాహెర్ట్జ్‌కి అదే లెక్కన 38.3 మీటర్లు. డాబా చాలక కొసలను గోడ వెంట మళ్లించాను. ట్రాన్స్‌మిట్ చేసేటప్పుడు కొసల దగ్గర వోల్టేజీ బాగా ఎక్కువ, పిల్లల చేతికి అందకూడదు. లోడింగ్ కాయిళ్లు (పొట్టి వైరును పొడవైనదానిలా పనిచేయించే తీగచుట్టలు) వేసి పొట్టిగా కూడా కట్టి చూశాను. ఎస్‌డబ్ల్యూఆర్ బాగున్న మేర మరీ ఇరుకైపోయింది, తీసేశాను. పూర్తి పొడవును వంచి కట్టడమే నయం. 160కైతే 75 మీటర్లు కావాలి, నా ఇంట్లో కుదరదు.

వైరు విషయంలో మాత్రం తృప్తి లేదు. మెత్తటి రాగి గాలికి, తన బరువుకే సాగుతుంది. పొడవు పెరిగి ఫ్రీక్వెన్సీ దిగుతుంది, ఏటా వానాకాలం అయ్యాక ఒకసారి కొలవాలి. నైలాన్ తాడు మన ఎండకు పొడై తెగుతుంది. మధ్య జాయింటులో నీరు దిగితే కోయాక్స్ (రేడియో నుంచి యాంటెన్నాకు వెళ్లే కేబుల్) పోయినట్టే, టేపు ఖర్చుకు వెనకాడకండి. మెరుపులు మొదలైతే కోయాక్స్ విప్పి ఇంటి బయట ఉంచండి.

ఈసారి తొడుగు లేని గట్టి రాగి తీగ వేస్తున్నాను. దానికి 138 చెల్లదు. మళ్లీ 143తో కట్టి, కొలిచి, గుణించాల్సిందే.