పైభాగం కాదు, అడుగు చూడండి: వాడి చూసిన సోళ్ల సమీక్ష

పెట్టెలో భద్రంగా దాచిన బూట్లు వాటంతట అవే పాడవుతాయంటే ఒకప్పుడు నేను నమ్మేవాణ్ణి కాను. ఐదేళ్ల క్రితం కొని, నాలుగైదు సార్లకు మించి తొడగని నల్ల బూట్లను ఈ మధ్య ఒక సభకు వేసుకుని వెళ్తే, మెట్లెక్కుతుండగా కాలి కింద ఏదో మెత్తగా నలిగినట్టయింది. వెనక్కి తిరిగి చూస్తే నేను నడిచిన దారంతా నల్లటి పొడి, పెళ్లలు రాలి ఉన్నాయి. పై తోలు మాత్రం కొత్తదానిలా మెరుస్తూనే ఉంది. తయారీదారు మీద కోపం వచ్చిన మాట నిజమే గానీ, సోల్ దేనితో చేశారో అడగకుండా కొన్నది నేనే. అప్పటి నుంచి ఏ జతనైనా ముందు తిరగేసి చూస్తున్నాను.

ఆ పొడి పాలీయురేథేన్‌ది, అంటే దుకాణాల్లో పీయూ అని చెప్పేదానిది. గాలిలోని తేమ ఆ పదార్థపు అణువుల గొలుసులను నెమ్మదిగా తెంపుతూ పోతుంది. వేడి తోడైతే ఆ పని మరింత వేగంగా సాగుతుంది. పాలియెస్టర్ రకం పీయూకు ఈ జబ్బు ఎక్కువ, పాలీఈథర్ రకానికి తక్కువ. అయితే ఏది ఏ రకమో పెట్టె మీద రాసి ఉండగా నేనెన్నడూ చూడలేదు. అలాగని పీయూ తీసిపారేయదగ్గ సరుకు కాదు. రోజంతా నిలబడి పనిచేసేవారి బరువుకు అది తొందరగా అణగదు, నూనె మరకలకు బాగానే తట్టుకుంటుంది, అందుకే పని బూట్లలో అంత విరివిగా కనిపిస్తుంది. రోజూ తొడిగి రెండేళ్లలో అరగదీసేవారికి నేను పీయూనే చెబుతాను. ఏడాదికి రెండుసార్లు తొడిగేవారికి మాత్రం వద్దంటాను.

నడక, పరుగు బూట్ల మధ్య పొరలో ఎక్కువగా ఉండేది ఈవీఏ, అంటే ఇథిలీన్ వినైల్ ఎసిటేట్ అనే ప్లాస్టిక్. లోపల మూసుకుపోయిన సన్నని గాలి బుడగలతో నిండిన నురుగు కాబట్టి చాలా తేలిక, తొడిగిన తొలి నిమిషంలోనే హాయిగా ఉంటుంది. మోసం కూడా అక్కడే ఉంది, ఎందుకంటే ఆ బుడగలు అణిగాక మునుపటి ఎత్తుకు తిరిగి రావు. నా నడక బూట్లకు ఎనిమిది నెలల్లో మడమ బయటి వైపు అడ్డంగా సన్నని ముడతలు పడ్డాయి. బల్ల మీద పెట్టి వెనక నుంచి చూస్తే రెండూ బయటికి ఒరిగి నిలబడ్డాయి, కింది రబ్బరు గీతలు మాత్రం సగమైనా అరగలేదు. అడుగు అరగలేదు కదా అని అలాంటి బూట్లను లాక్కురావడం వల్ల మోకాళ్లకే కష్టం. ఎండలో నిలిపిన కారులో వదిలేస్తే ఈవీఏ కుంచించుకుపోయే ప్రమాదమూ ఉంది. అడుగంతా ఈవీఏతోనే పోసిన చెప్పులు ఇంట్లో తిరగడానికి సరే, రోడ్డు మీద ఇట్టే అరిగిపోతాయి.

నేలను పట్టుకునే పనిలో నా అనుభవంలో రబ్బరుకు సాటి రాగలది లేదు. గంధకం కలిపి వేడిచేస్తే రబ్బరు ఎండకు జిగటగా మారదు, చలికి పెళుసుబారదు. ఛార్లెస్ గుడియర్ ఆ పద్ధతికి 1844లో పేటెంటు పొందాడు. 1935లో ఆల్ప్స్ పర్వతాల్లో తోటివారు ఆరుగురు చనిపోవడం చూసిన ఇటలీ పర్వతారోహకుడు విటాలే బ్రమాని, లోతైన గాళ్లున్న రబ్బరు సోల్‌ను 1937లో తెచ్చాడు. 1954లో కే2 శిఖరాన్ని తొలిసారి ఎక్కినవారి కాళ్లకు ఉన్నవి ఆ సోళ్లే. కానీ బురదలో, రాళ్లలో ప్రాణం కాపాడే ఆ గాళ్లే తడిసిన నున్నటి నేల మీద పనికిరావు, నేలకు తగిలే వైశాల్యమే తక్కువ కదా. అక్కడ సన్నని కోతలున్న మెత్తని, చదునైన రబ్బరు మేలు. కార్బన్ కలిపిన గట్టి రబ్బరు మడమ దగ్గర బాగా మన్నుతుంది. గాలి నింపి తేలిక చేసిన రబ్బరు మెత్తగా ఉంటుంది, త్వరగా అరుగుతుంది. మామూలు రబ్బరు నూనె తగిలితే ఉబ్బుతుంది కాబట్టి వంటశాలల్లో, మెకానిక్ షెడ్లలో పనిచేసేవారు నైట్రైల్ రబ్బరు అడిగి తీసుకోవాలి. షటిల్ కోర్టుకు నేల మీద మరకలు చేయని గమ్ రబ్బరు సోల్ ఉండాలి, దాన్ని బయట తొడగకూడదు. ఒక్కసారి దుమ్ము పట్టిందంటే కోర్టులో కాలు నిలవదు.

తోలు సోల్ పాదం ఆకారానికి ఒదిగిపోతుంది, అరిగితే విప్పి కొత్తది కుట్టించుకోవచ్చు, నాట్యపు నేల మీద కావలసినంత జారుతుంది. వానలో మాత్రం అదే జారుడు శత్రువు, పైగా తోలు నీళ్లు పీల్చుకుంటుంది. పీవీసీ గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు: చవక, బరువు, చలికి బిగుసుకుపోతుంది. టీపీఆర్, అంటే థర్మోప్లాస్టిక్ రబ్బరు, దానికన్నా మెత్తన, చలిలోనూ వంగుతుంది, వేడి నేలకు మాత్రం పనికిరాదు.

పని బూట్ల మీద తయారైన కాలం ముద్రించి ఉంటుంది. తగ్గింపు ధరకు దొరికిందని మురిసిపోయే ముందు, ముఖ్యంగా సోల్ పీయూ అయితే, ఆ ముద్ర చదవండి. గిడ్డంగిలో నాలుగేళ్లు కూర్చున్న జత ఆయుష్షులో నాలుగేళ్లు అప్పటికే కరిగిపోయి ఉంటాయి.